నెట్టు నిదానిస్తే: రౌటర్ దగ్గర మొదలుపెట్టి స్తంభం దాకా వెతికే పద్ధతి

"అన్నా, నెట్టు స్లోగా ఉంది."

"రౌటర్ ఒకసారి ఆపేసి వెయ్యన్నా."

"వేశాబ్బా, అట్నే ఉంది."

"ఐదు నిమిషాలాగి మళ్లీ వెయ్యి."

రెండేళ్ల పాటు మా ఇంట్లో నెలకు నాలుగైదుసార్లు నడిచిన మాటలివి. మాది నెల్లూరు జిల్లాలో వింజమూరుకూ కలిగిరికీ మధ్య చిన్న పల్లె. కేబుల్ చూసే అబ్బాయి మంచివాడే. పది పన్నెండు ఊళ్లకు అతనొక్కడు. బండికి నిచ్చెన కట్టుకుని ఎండలో తిరిగే మనిషికి "స్లోగా ఉంది" అన్న మాటతో ఏం తెలుస్తుంది? మా అక్క కూతురికి ఉద్యోగం ఇంటర్వ్యూ మధ్యలో లైను పోయి, ఆ పిల్ల ఫోన్ పట్టుకుని సిగ్నల్ కోసం డాబా మీదకు పరిగెత్తిన రోజున నాకు పట్టుదల వచ్చింది. ఎక్కడ స్లో, ఎప్పుడు స్లో, ఎంత స్లో అన్నది అంకెలతో రాసి పెట్టాను. అంకెలు చెప్పిన రోజు సాయంత్రమే అతను వచ్చి నిచ్చెన దించాడు.

ఆ మూడూ మీ ఇంట్లో మీరే కనుక్కోవచ్చు. కావలసింది ఒక ఫోను, వీలైతే ఒక ల్యాప్‌టాప్, ఒక నోటుబుక్కు.

ముందుగా ఒక్క సంగతి మనసులో పెట్టుకోండి. నెట్టు మీ చేతిలోకి మూడు అంగల్లో వస్తుంది. బయటి ప్రపంచం నుంచి మీ ఆపరేటర్ దాకా ఒకటి. ఆపరేటర్ పెట్టె నుంచి స్తంభాల మీదుగానో, టవర్ గుండానో మీ ఇంట్లో రౌటర్ దాకా రెండోది. రౌటర్ నుంచి మీ ఫోన్ దాకా గాలిలో, అంటే వైఫైలో, మూడోది. ఈ మూడింటిలో ఏది కుంటుతోందో తేలకుండా రౌటర్ మార్చినా, ప్లాన్ పెంచినా డబ్బు దండగ. నేను చూసినంతలో పల్లెల్లో సగం ఇళ్లలో లోపం మూడో అంగలోనే, అంటే ఇంట్లోనే ఉంటుంది.

కొన్నదెంత, కావలసిందెంత

40 ఎంబీపీఎస్ ప్లాన్ అంటే సెకనుకు 40 మెగాబిట్లు. ఏదైనా దించుకునేటప్పుడు ఫోన్ చూపించే ఎంబీలు మెగాబైట్లు. ఎనిమిది బిట్లు కలిస్తే ఒక బైటు. కాబట్టి 40 ప్లాన్‌లో ఫైలు సెకనుకు 5 ఎంబీ చొప్పున దిగుతుంటే మీకు రావలసినదంతా వస్తున్నట్టే. ఈ ఒక్క తేడా తెలియక ఆపరేటర్‌తో తగువు పెట్టుకున్నవాళ్లను చాలామందిని చూశాను.

తర్వాత నెలకు ఎన్ని జీబీలు దాటితే వేగం తగ్గిస్తారో మీ ప్లాన్‌లో చూడండి. ప్రతి నెలా ఇరవయ్యో తారీఖు దాటాక నిదానించి, ఒకటో తారీఖుకో రీచార్జి రోజుకో మళ్లీ లేచి కూర్చుంటే తీగదీ తప్పు కాదు, టవర్‌దీ కాదు, కోటా అయిపోయింది. ఆపరేటర్ యాప్‌లో వాడకం ఎంతయిందో కనిపిస్తుంది.

ఇంటికి నిజంగా ఎంత వేగం కావాలి? ఒక వీడియో కాల్‌కు 2 నుంచి 4 ఎంబీపీఎస్, టీవీలో హెచ్‌డీ సినిమాకు సుమారు 5, 4కే అయితే 15 నుంచి 25 చాలు. 2023 జనవరిలో కేంద్రం బ్రాడ్‌బ్యాండ్ అన్న మాటకు కనీస వేగాన్ని 512 కేబీపీఎస్ నుంచి 2 ఎంబీపీఎస్‌కు పెంచింది. రెండు ఎంబీపీఎస్‌తో నలుగురున్న ఇల్లు గడవదు గానీ, నిలకడగా 20 వస్తే గడుస్తుంది. వందొచ్చి నిమిషానికోసారి తెగే లైను కన్నా, ఇరవై వచ్చి తెగని లైను మేలు.

మూడు రోజులు, పూటకోసారి కొలవండి

పొద్దున ఆరింటికి, మధ్యాహ్నం రెండింటికి, రాత్రి తొమ్మిదింటికి. మూడు రోజులు. రౌటర్‌కు నాలుగడుగుల దూరంలో నిలబడండి. ఇంట్లో మిగతా ఫోన్లలో వైఫై ఆపించండి, టీవీ ఆపండి. రౌటర్ రెండు పేర్లతో వైఫై ఇస్తుంటే 5జీ అని ఉన్న పేరుకు కలపండి. (ఇది సిమ్ములో వచ్చే 5జీ కాదు, 5 గిగాహెర్ట్జ్ వైఫై.) ల్యాప్‌టాప్ ఉంటే రౌటర్‌కు నేరుగా వైరు (దీన్నే లాన్ వైరు అంటారు) పెట్టి కొలవడం అన్నిటికన్నా నిక్కచ్చి.

రెండు చోట్ల కొలవండి. ఒకటి స్పీడ్‌టెస్ట్, ఇంకొకటి ఫాస్ట్ డాట్ కామ్. రెండెందుకంటే, స్పీడ్‌టెస్ట్ చాలాసార్లు మీ ఆపరేటర్ దగ్గరే ఉన్న సర్వర్‌ను ఎంచుకుంటుంది. అంటే రెండో అంగ వరకే కొలిచినట్టు. ఫాస్ట్ డాట్ కామ్ నెట్‌ఫ్లిక్స్ వాళ్ల సర్వర్ల నుంచి కొలుస్తుంది. మొదటిదాంట్లో 38 చూపించి రెండోదాంట్లో 4 చూపిస్తే మీ ఇంటి తీగ బాగుంది, ఆపరేటర్‌కు బయటి నుంచి వచ్చే దారి ఇరుకైంది. ఈ సంగతి గట్టిగా అడగాల్సింది ఆపరేటర్‌నే.

దిగే వేగం, ఎక్కే వేగం, పింగు (చిన్న కబురు ఒకటి పోయి తిరిగి రావడానికి పట్టే సమయం)... మూడూ తేదీతో, వేళతో రాయండి. మూడు రోజులయ్యాక ఆ పేజీ చూస్తే కథ దానంతటదే బయటపడుతుంది. మూడు పూటలా తక్కువే అయితే తీగలోనో వైఫైలోనో లోపం. రాత్రి తొమ్మిదింటికి మాత్రమే పడిపోతే ఊరంతా ఒకేసారి వాడటం వల్ల వచ్చిన రద్దీ. ఏ లెక్కా లేకుండా ఒకసారి 40, ఒకసారి 3 అయితే ఎక్కడో ఒక జాయింటు కదులుతోంది.

రెండు పింగులతో తేల్చేయండి

వేగం కన్నా ఈ పరీక్షే నాకు ఎక్కువ పనికొచ్చింది. విండోస్ ల్యాప్‌టాప్‌లో వెతుకులాట పెట్టెలో సీఎండీ అని కొడితే నల్లటి తెర వస్తుంది. అందులో ఇంగ్లిషు అక్షరాల్లో పింగ్ అని కొట్టి, ఒక ఖాళీ వదిలి 192.168.1.1, మళ్లీ ఒక ఖాళీ వదిలి, అడ్డగీత, టీ అక్షరం కలిపి కొట్టండి. ఆ అంకె మీ రౌటర్ చిరునామా. కొన్నిటికి 192.168.0.1 ఉంటుంది, పెట్టె అడుగున స్టిక్కర్ మీద రాసే ఉంటుంది. అలాంటిదే ఇంకో నల్ల తెర తెరిచి ఈసారి 8.8.8.8 కు పెట్టండి. అది గూగుల్ వాళ్లది. రెండు తెరలూ పక్కపక్కన పెట్టుకుని పది నిమిషాలు చూడండి. ఫోన్ ఒక్కటే ఉన్నవాళ్లకు ఇదే పని చేసే పింగు యాప్‌లు దొరుకుతాయి.

రౌటర్ తెరలో 1 నుంచి 5 మిల్లీసెకన్లు నిలకడగా ఉండాలి. అక్కడే 200, 400 అని గంతులేస్తున్నా, టైమ్డ్ అవుట్ అని పడుతున్నా లోపం మీ ఇంట్లోనే, వైఫైలో. కేబుల్ అబ్బాయిని పిలవకండి, అతను వచ్చినా చేసేదేమీ లేదు. రౌటర్ తెర నిమ్మళంగా ఉండి 8.8.8.8 తెర మాత్రం తెగుతుంటే లోపం గుమ్మం బయట. ఫైబర్ లైను మీద సాధారణంగా 10 నుంచి 40 మధ్య కనిపిస్తుంది.

పేజీ తెరుచుకోవడానికి చాలాసేపు ఆలోచించి, తెరుచుకున్నాక మాత్రం చకచకా నడుస్తుంటే అది డీఎన్ఎస్ సంగతి, అంటే సైటు పేరుకు అంకెల చిరునామా వెతికి ఇచ్చే ఏర్పాటుది. రౌటర్‌లో గానీ ఫోన్‌లో గానీ డీఎన్ఎస్ దగ్గర 1.1.1.1 లేదా 8.8.8.8 పెట్టి చూడండి.

ఇంట్లో లోపమైతే

రౌటర్ ఎక్కడుంది? చాలా ఇళ్లలో కేబుల్ లోపలికొచ్చిన రంధ్రం పక్కనే, అటక మీద, టీవీ వెనక. మా పెదనాన్న వాళ్లది పాత మిద్దె, గోడ మూరన్నర మందం. ముందు గదిలో 40 వచ్చేది వంటింట్లోకి పోయేసరికి 2. మట్టి గోడ, రాతి గోడ, ఇనుప బీరువా, నీళ్ల ట్యాంకు, రేకుల కప్పు ఇవన్నీ వైఫైని మింగేస్తాయి. రౌటర్‌ను ఇంటి నడిమధ్యకు, మనిషి భుజం ఎత్తుకు తెచ్చి, గుమ్మాలు కనపడేలా పెట్టండి. అందుకు పదిహేను మీటర్ల లాన్ వైరు కొంటే సరిపోతుంది. ఫైబర్ తీగను మాత్రం మీ అంతట మీరు లాగకండి.

5 గిగాహెర్ట్జ్ వైఫై దగ్గర్లో జోరుగా ఉంటుంది, గోడ దాటితే నీరసపడుతుంది. 2.4 గిగాహెర్ట్జ్ గోడలు దాటుతుంది గానీ దాంట్లో 20, 30 ఎంబీపీఎస్ వస్తే గొప్ప. వంద ప్లాన్ తీసుకుని వంటింట్లో 2.4 మీద కొలిచి "ముప్పయ్యే వస్తోంది" అనడం సరికాదు. పల్లెలో ఒక సుఖం ఉంది, పక్కింటి వైఫైల గోల తక్కువ. అయినా రౌటర్‌లో 2.4 వైఫైకి ఛానెల్ మార్చే చోట 1, 6, 11 మాత్రమే వాడండి. మధ్యవి రెండు పక్కలా ఒరుసుకుంటాయి.

వెనక గదికీ, పశువుల కొట్టం పక్క షెడ్డుకూ కావాలంటే బజార్లో దొరికే ప్లగ్గు ఎక్స్‌టెండర్ కన్నా, లాన్ వైరు లాగి చివర పాత రౌటర్ తగిలించడం మేలు. పాత రౌటర్‌లో డీహెచ్‌సీపీ (ఫోన్లకు చిరునామాలు పంచే పని) ఆపి, దాని చిరునామాను మొదటిదానితో కలవకుండా మార్చి, వైరును దాని లాన్ రంధ్రంలోనే పెట్టండి. లాన్ వైరు వంద మీటర్ల దాకా పని చేస్తుంది. కానీ ఆరుబయట లాగిన రాగి వైరు పిడుగును ఇంట్లోకి పిలుస్తుంది. ఉరుము వినపడగానే రెండు కొసలూ పీకేయండి.

లాన్ వైరు మీద ఎంత కొలిచినా 94, 95 దగ్గరే ఆగిపోతోందా? పెట్టె రంధ్రం 100 ఎంబీపీఎస్‌దయినా అయ్యుంటుంది, వైరులో నాలుగు జతల్లో ఒక జత అయినా తెగి ఉంటుంది. మైపాడు, తుమ్మలపెంట, రామాయపట్నం లాంటి తీరపు ఊళ్లలో ఉప్పుగాలికి ఆ వైరు కొసన ఉన్న పసుపు రంగు పళ్లు ఆకుపచ్చగా కిలుం పడతాయి. కొస కత్తిరించి కొత్త కనెక్టర్ వేయించండి.

ఎండ సంగతి ఎవరూ చెప్పరు, నేను చెప్తాను. ఇళ్లలో వాడే రౌటర్లలో చాలావాటి మీద 40 డిగ్రీల వరకే పని చేస్తాయని రాసుంటుంది. రోహిణి కార్తెలో మన దగ్గర బయట నీడలోనే 43, 44. రేకుల కింద అటక మీద ఇంకెంత ఉంటుందో చెయ్యి పెట్టి చూడండి. మధ్యాహ్నం నిదానించి రాత్రికి బాగుపడే రౌటర్లలో చాలావాటికి జబ్బు వేడే. కిందికి దించి, గాలి తగిలే చోట పెట్టి, పైన కప్పిన అల్లిక గుడ్డ తీసేయండి.

కరెంటు లోపమా, లైను లోపమా అన్నది లైట్లు చూస్తే తెలుస్తుంది. అన్ని లైట్లూ ఒక్కసారి ఆరి మళ్లీ మొదటి నుంచి వెలుగుతుంటే అది కరెంటు గానీ అడాప్టర్ గానీ. పవర్ లైటు కదలకుండా ఉండి పాన్ (పీ, ఓ, ఎన్) అని రాసిన లైటు ఒక్కటే కొట్టుకుంటుంటే అది లైను. అడాప్టర్ మార్చేటప్పుడు పాతదాని మీద 12 వోల్టులుంటే కొత్తదీ 12 వోల్టులే ఉండాలి. ఆంపియర్లు అంతే గానీ, ఎక్కువ గానీ ఉండొచ్చు, తక్కువ కూడదు. కరెంటు తరచూ పోయే ఊరైతే రౌటర్ కోసమే వచ్చే చిన్న యూపీఎస్ పెట్టుకోండి.

ఆపి వేయడం తప్పేమీ కాదు. ముప్పై సెకన్లు ఆపి వేయండి. కానీ వెనక సూది దూరేంత చిన్న రంధ్రంలో ఉన్న రీసెట్ బటన్ జోలికి పోకండి. అది నొక్కితే ఆపరేటర్ పెట్టిన యూజర్ నేమ్, పాస్‌వర్డ్ అన్నీ తుడిచిపెట్టుకుపోతాయి. ఆ తర్వాత అతను వచ్చేదాకా నిదానపు నెట్టు కూడా ఉండదు.

గుంటల మీద కెమెరాలున్నవాళ్లు ఇది చదవండి

అల్లూరు, విడవలూరు, ఇందుకూరుపేట వైపు రొయ్యల గుంటలున్నవాళ్లు షెడ్డు దగ్గర, ఏరేటర్ల దగ్గర కెమెరాలు పెట్టుకుంటున్నారు. మా చిన్నాన్నవి నాలుగు. ఆయన ఇంట్లో యూట్యూబ్ కూడా ఆడేది కాదు. కొలిస్తే దిగే వేగం 12 వస్తోంది, ఎక్కే వేగం మాత్రం సున్నా పక్కన. కెమెరాలు నాలుగూ రాత్రింబగళ్లు వీడియోను కంపెనీ సర్వర్‌కు ఎక్కిస్తున్నాయి. ఒక్కోటి 2 ఎంబీపీఎస్ అనుకున్నా మొత్తం 8. ఆయన లైనులో ఎక్కే వేగం ఉన్నదే 8. "దించుకోవడానికి 12 ఉంది గదా, అది చాలదా?" అన్నాడు చిన్నాన్న. చాలదు. మనం ఏది దించుకుంటున్నా "అందింది, ఇంకా పంపు" అన్న కబురు అటు పోతూ ఉండాలి. ఎక్కే దారి మూసుకుపోతే ఆ కబురు కదలదు, దిగేదీ ఆగిపోతుంది.

కెమెరాల్లో మెమరీ కార్డు వేసి, కదలిక ఉన్నప్పుడే ఎక్కించేలా మార్చాం, వీడియో నాణ్యత ఒక మెట్టు దించాం. అదే రాత్రికి ఇల్లు తేరుకుంది. కెమెరాలు లేని ఇళ్లలో ఇదే పని ఫోన్లు చేస్తాయి. పండక్కి వచ్చిన పిల్లల ఫోన్లు వైఫై తగలగానే వందల ఫోటోలు ఎక్కించడం మొదలుపెడతాయి. ఫోటోల బ్యాకప్‌ను కాసేపు ఆపి కొలిస్తే తెలిసిపోతుంది.

తీగ లోపమైతే

ఇంటికి ఫైబర్ వస్తుంటే ఆ పెట్టెలోనే మీకో అద్భుతమైన కొలబద్ద ఉంది. బ్రౌజర్‌లో రౌటర్ చిరునామా కొట్టి, స్టిక్కర్ మీది పాస్‌వర్డ్‌తో లోపలికి వెళ్తే, స్టేటస్ పేజీలో పాన్ అనో ఆప్టికల్ అనో ఉన్నచోట ఆర్ఎక్స్ పవర్ అని ఒక అంకె కనిపిస్తుంది. ఫైబర్‌లో నెట్టు వెలుగుగా వస్తుంది, ఆ అంకె మీ ఇంటికి చేరుతున్న వెలుగు. ఎప్పుడూ మైనస్‌లో ఉంటుంది. మైనస్ 15 నుంచి మైనస్ 25 మధ్య ఉంటే హాయి. మైనస్ 27 దాటితే లైను తెగుతూ అతుకుతూ ఉంటుంది. మైనస్ పక్కనున్న అంకె మూడు పెరిగిన ప్రతిసారీ వెలుగు సగమవుతుంది. ఎల్ఓఎస్ అన్న ఎర్రలైటు వెలిగిందంటే వెలుగు బొత్తిగా రావట్లేదని.

మా ఇంట్లో ఆ అంకె పొద్దున మైనస్ 23, గాలి తోలే సాయంత్రాల్లో మైనస్ 29. గాలికి మారుతోందంటే తీగ ఎక్కడో ఊగుతోంది. నేలమీది నుంచే తీగ వెంట నడిచాను. ఆరో స్తంభం దగ్గర వేపకొమ్మ తీగ మీద ఒరుసుకుంటోంది. అక్కడే దాన్ని క్లాంపుకు బైండింగు వైరుతో మెలిపెట్టి బిగించారు. ఫైబర్‌ను అంత మడిస్తే వెలుగు ఆ వంపులోనే కారిపోతుంది. కేబుల్ అబ్బాయి నిచ్చెన వేసి జాయింటు డబ్బా తెరిస్తే దాని మూత సగం విరిగి ఉంది, లోపల ఎర్రచీమలు గూడు కట్టుకున్నాయి. చీమల్ని దులిపి, బెత్తెడు తీగ కత్తిరించి, పైతోలు ఒలిచి, వెంట్రుక కన్నా కాస్త లావున్న గాజుపోగును స్పిరిట్ దూదితో తుడిచాడు. మిషన్‌లో రెండు కొసలూ ఎదురెదురుగా పెట్టి మూత వేశాడు. చిన్న తెర మీద రెండు కొసలూ పెద్ద దూలాల్లా కనిపించాయి. చటుక్కున మెరుపు మెరిసింది, రెండూ ఒకటైపోయాయి. నష్టం 0.02 అని చూపించింది. కిందికి దిగి పెట్టె పేజీ చూస్తే మైనస్ 21. మైనస్ 29 తో పోలిస్తే ఆరింతల వెలుగు.

తీగ వెంట నడవడం మీ పని, స్తంభం ఎక్కడం మీ పని కాదు. మన జిల్లాల్లో చాలాచోట్ల ఫైబర్ కరెంటు స్తంభాల మీదుగానే పోతుంది. 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించిన ఏపీ ఫైబర్ గ్రిడ్‌ను తక్కువ ఖర్చులో ఊరూరికీ చేర్చగలిగింది ఆ స్తంభాల వల్లే. అందుకే స్తంభం ఒరిగితే నెట్టూ పోతుంది. కరెంటు వాళ్లు కొమ్మలు కొట్టడానికి వచ్చిన రోజు మీరు పక్కనే నిలబడి "అన్నా, ఆ సన్న నల్ల తీగ నెట్టుది" అని వేలు పెట్టి చూపించండి. కత్తి తగలకుండా చూస్తారు. ఊడిన ఫైబర్ కొసలోకి కన్ను పెట్టి చూడకండి, ఆ వెలుగు కంటికి కనపడదు గానీ కంటికి చేటు. విరిగిన గాజుపోగు ముక్కలు పిల్లల కాళ్లకు గుచ్చుకోకుండా టేపుకు అంటించి పారేయండి.

మనకు అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. వినాయక చవితి దాటగానే మూడు పనులు చేయించుకోండి. తీగ ఇంట్లోకి దూరేచోట రంధ్రం కన్నా కిందికి ఒక జానెడు వేలాడి పైకి వచ్చేలా వంపు ఉండాలి, నీటి బొట్టు ఆ వంపు దగ్గరే కింద పడిపోతుంది. రంధ్రాన్ని ఎంసీల్‌తో మూయండి. గోడకున్న డబ్బా మూత బిగుతుగా ఉందో లేదో చూడండి. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు మా వీధిలో పన్నెండు ఇళ్ల నెట్టు పోతే, తీగలు తెగింది రెండిళ్లకే. మిగతా పదీ డబ్బాల్లో నీళ్లు చేరి ఆగినవే.

టవర్ మీద ఆధారపడే ఇళ్లు

ఉదయగిరి కొండల వెనక ఊళ్లలో, సోమశిల పైన ఊళ్లలో తీగ రాని ఇళ్లు ఇంకా ఉన్నాయి. సిమ్ము వేసే రౌటరో, ఫోన్ హాట్‌స్పాటో గతి. ఇక్కడ గీతలను నమ్మకండి. ఆండ్రాయిడ్ ఫోన్ సెట్టింగుల్లో అబౌట్ ఫోన్, అందులో సిమ్ స్టేటస్‌లోకి వెళ్తే సిగ్నల్ బలం అంకెలో ఉంటుంది. మైనస్ 85 గానీ, మైనస్ పక్కన అంతకన్నా చిన్న అంకె గానీ అయితే బాగు. మైనస్ 100 అయితే నడుస్తుంది. మైనస్ 110 దాటితే కష్టం. ఫోన్ పట్టుకుని ఇంట్లో నాలుగు మూలలా, కిటికీల దగ్గర, డాబా మీద తిరిగి ఎక్కడ ఎంతుందో రాసుకోండి. ఒక్క గోడ తేడాకే పది అంకెలు మారడం చూస్తారు. పది అంకెలంటే పదింతల బలం. రౌటర్‌ను అన్నిటికన్నా మంచి అంకె వచ్చిన కిటికీలో పెట్టండి.

టవర్ సిగ్నల్ వచ్చే తరంగాల వరసలను బ్యాండ్లు అంటారు. 2300 మెగాహెర్ట్జ్ లాంటి పై బ్యాండ్లు ఎక్కువ డేటా మోస్తాయి గానీ దూరం పోలేవు. 850, 900 లాంటివి దూరం వస్తాయి, గోడలు దాటుతాయి, కానీ వాటి దారి ఇరుకు. అందుకే గీతలు నిండుగా ఉన్నా వేగం ఉండని ఊళ్లుంటాయి. ఇంకో కంపెనీ సిమ్ములు రెండు మూడు పక్కిళ్ల నుంచి అడిగి తెచ్చి మీ ఇంట్లోనే కొలిచి చూడండి. ఖర్చు లేని పరీక్ష ఇది. డాబా మీద పెట్టే 5జీ ఎయిర్‌ఫైబర్ (తీగ లేకుండా టవర్ నుంచి నెట్టు తెచ్చే) పెట్టెలకు చెట్లు గిట్టవు. వేసవిలో బాగుండి వానాకాలానికి నిదానిస్తే, టవర్ వైపు పెరిగిన తడి ఆకులే కారణం కావచ్చు.

బజార్లోనూ ఆన్‌లైన్‌లోనూ సిగ్నల్ బూస్టర్లని అమ్ముతుంటారు. అనుమతి లేకుండా వాటిని పెట్టడం నేరం, పైగా ఊరందరి సిగ్నల్‌నూ చెడగొడతాయి. యాంటెనా రంధ్రాలున్న రౌటర్ అయితే బయట యాంటెనా తగిలించుకోవచ్చు, అది వేరు.

రాత్రి మాత్రమే పడిపోతే

ఒక ఫైబర్ పోగు ఒక్క ఇంటిదే కాదు. 32 ఇళ్లకో 64 ఇళ్లకో చీలి వస్తుంది. ఆ పోగు 2.5 గిగాబిట్లు మోయగలదు కాబట్టి ఇరుకు సాధారణంగా అక్కడ ఉండదు. ఆపరేటర్ పైవాళ్ల దగ్గర కొన్న బ్యాండ్‌విడ్త్, అంటే ఊరంతటికీ కలిపి తెచ్చుకున్న వేగం, దగ్గర ఉంటుంది. దానికి మీ ఇంట్లో చేయగలిగింది లేదు. పెద్ద ఫైళ్లు, అప్‌డేట్లు పొద్దున్నే దించుకోండి. నోటుబుక్కులో మూడు రాత్రుల అంకెలు, అదే బాధ పడుతున్న నలుగురు ఇరుగుపొరుగుల అంకెలు కలిపి ఆపరేటర్ ముందు పెట్టండి. ఒక్కరి మాట కన్నా ఐదిళ్ల పేజీకి బరువెక్కువ.

ఫిర్యాదు ఎట్టా చెప్పాలి

నేను వాట్సాప్‌లో పంపే తీరు ఇది: "మూడు రోజులుగా రాత్రి 7 నుంచి 10 మధ్య తెగుతోంది. రౌటర్‌కు పింగు 2, బయటికి తెగుతోంది. లాన్ వైరు మీద కొలిచాను. ఆర్ఎక్స్ పవర్ పొద్దున మైనస్ 23. గాలి వేస్తే మైనస్ 29. ఆరో స్తంభం దగ్గర కొమ్మ తగులుతోంది." కింద స్క్రీన్ ఫోటోలు. ఇది చదివినవాడు రౌటర్ ఆపేసి వెయ్యమనడు.

దానికీ కదలకపోతే కంపెనీ ఫిర్యాదుల నంబరుకు చేసి డాకెట్ నంబరు (ఫిర్యాదు నమోదైనట్టు ఇచ్చే నంబరు) తీసుకోండి. డాకెట్ నంబరు లేని ఫిర్యాదు ఫిర్యాదు కిందికి రాదు. గడువులోగా తేల్చకపోయినా, తేల్చింది మీకు నచ్చకపోయినా అదే కంపెనీలో అప్పీలు అధికారి ఉంటారు, ఆయనకు రాయండి. అప్పీలుకు రుసుము లేదు. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్‌కు నేరుగా రాస్తే పని అవుతుందని చాలామంది అనుకుంటారు. ట్రాయ్ ఒక్కొక్కరి ఫిర్యాదులు తేల్చదు, కంపెనీకి పంపుతుంది అంతే. అప్పీలు తర్వాత కూడా న్యాయం జరగకపోతే కేంద్ర టెలికాం శాఖ ఫిర్యాదుల విభాగం ఉంది, వినియోగదారుల కమిషన్ ఉంది. రెండుచోట్లా మొదట అడిగేది ఆ డాకెట్ నంబరే.

బాగు చేసిన మనిషి బండి ఎక్కకముందే అతని ఎదుటే మళ్లీ కొలవండి. కొత్త ఆర్ఎక్స్ పవర్ ఎంతో తేదీ వేసి పెట్టె వెనక రాసి పెట్టుకోండి. మా పెట్టె వెనక తెల్ల టేపు మీద మైనస్ 21 అని రాసి ఉంది. నెలకోసారి చూస్తాను. అది మైనస్ 24 అయిన రోజున, నెట్టు ఇంకా బాగానే నడుస్తున్నా సరే, అతనికి ఫోన్ చేస్తాను.